బెంగళూరు ఇళ్లలో గాలి: మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మారతహళ్లి దగ్గర పదకొండేళ్లుగా కాపురం ఉంటున్నాం. మా పాపకి మూడో ఏట పిల్లికూతలు మొదలైనప్పటి నుంచి ఇంట్లో గాలి గురించి చదవడం, మీటరు పెట్టి కొలవడం, ఒక్కొక్కటి మార్చి చూడటం నాకు అలవాటైంది. లిఫ్టులో కలిసినవాళ్లూ, కొత్తగా ఉద్యోగానికి వచ్చిన బంధువుల పిల్లలూ, వాళ్ల అమ్మలూ అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నేను డాక్టర్ని కాదు. మందుల సంగతి మీ డాక్టర్నే అడగండి.

## ఇల్లు వెతికేటప్పుడు

బెంగళూరు చల్లటి ఊరు కదా, ఇక్కడ కూడా గాలి గురించి టెన్షన్ పడాలా?

చల్లగా ఉండటం వేరు, శుభ్రంగా ఉండటం వేరు. ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఉక్కపోత తక్కువ. అంతమాత్రాన దుమ్మూ పొగా తగ్గవు. ఊపిరితిత్తుల లోతుకి వెళ్లేది పీఎం 2.5 అనే సన్నటి ధూళి. ఏడాది సగటున క్యూబిక్ మీటరు గాలిలో అది 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ గీతని 5కి దించింది. బెంగళూరు ఢిల్లీ కంటే ఎంతో నయమే కానీ, ఆ 5కి మాత్రం చాలా రెట్లు పైన ఉంటుంది. పైగా చలి వేస్తోందని సాయంత్రం ఆరింటికే కిటికీలన్నీ మూసేస్తాం. ఆ తర్వాత వంట పొగ, అగరుబత్తి పొగ, దోమల మందు అన్నీ మనతోపాటే గదిలో ఉండిపోతాయి. మన ఊళ్లలో ఉక్క భరించలేకైనా తలుపులు తీసిపెట్టేవాళ్లం. ఇక్కడి చల్లదనం ఆ అలవాటుని మాన్పించింది.

అద్దె ఇల్లు చూడటానికి వెళ్తున్నాం. గాలి కోసం ఏం గమనించాలి?

ఇక్కడ ఇరవై బై ముప్పై, ముప్పై బై నలభై అడుగుల సైట్లలో నాలుగైదు అంతస్తులు లేపేస్తారు. పక్క గోడకీ మన గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు కూడా ఉండదు. కాబట్టి కిటికీలు ఎన్ని ఉన్నాయని కాదు, ఎటువైపు తెరుచుకుంటున్నాయో చూడండి. రెండు వేర్వేరు దిక్కుల్లో కిటికీలుంటేనే గాలి ఇటు నుంచి అటు పోతుంది. రెండూ తెరిచి, మధ్యలో పల్చటి టిష్యూ కాగితం పట్టుకుని నిలబడితే విషయం తెలిసిపోతుంది.

వంటగది ఎగ్జాస్ట్ గాలి ఎక్కడికి పోతోందో కూడా అడగండి. అన్ని అంతస్తులదీ ఒకే డక్ట్‌లోకి, అంటే కింది నుంచి పైదాకా ఉండే నిలువు సందులోకి పోతుంటే కింది ఇంటివాళ్ల చేపల పులుసు మీ బాత్రూంలో వాసన కొడుతుంది. జనరేటర్ ఎవరి బాల్కనీ కింద ఉందో చూడండి.

ఇంకొకటి. కొత్త పెయింట్ వాసన వస్తుంటే ఇల్లు శుభ్రంగా ఉందనుకోకండి. ఖాళీ అయిన ప్రతి ఇంటికీ రంగు వేస్తారు, ఆ రంగు కింద చెమ్మ దాక్కుంటుంది. బాత్రూం వెనక గోడ మీదా, బీరువా పెట్టే మూలలోనూ, సీలింగ్ అంచుల్లోనూ అరచేయి ఆనించి చూడండి. చల్లగా తగిలినా, రంగు పొక్కులు లేచినా వానాకాలంలో అక్కడ బూజు ఖాయం.

బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. ఓనర్ గారు పర్లేదంటున్నారు. నిజమేనా?

బాత్రూం లోపల ఉంటే పర్లేదు అనడానికి వీల్లేదు. ఈ పేజీలో ఒక్కటే చదువుతానంటే ఇదే చదవండి.

చిన్న బాత్రూంలో తలుపు, వెంటిలేటరు మూసి గ్యాస్ మండిస్తే ఆక్సిజన్ తగ్గిపోయి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తాయి. ప్రమాదం తెలిసేసరికి గడియ తీసే ఓపిక ఉండదు. పెళ్లయిన కొత్తలో మేం అద్దెకున్న ఇంట్లో మా చెల్లి తలస్నానానికి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. తలుపు బాదితే ఎలాగో గడియ తీసి నా మీద పడిపోయింది. ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఏ ఇల్లు చూసినా ఇప్పటికీ నేను మొదట వెళ్లేది బాత్రూంలోకే.

గీజర్‌ని బాత్రూం బయట, గాలి బాగా ఆడే యుటిలిటీలో (వంటింటి పక్కన బట్టలూ గిన్నెలూ కడిగే చోట) పెట్టించి, పొగ గొట్టం బయటికి తీయించమనండి. కుదరదంటే కరెంటు గీజరో, డాబా మీద సోలార్ హీటరో ఉన్న ఇల్లు చూసుకోండి. మారేదాకా వెంటిలేటరు ఎప్పుడూ తెరిచే ఉంచి, ముందే బకెట్లో నీళ్లు పట్టుకుని, గీజర్ ఆపేశాకే లోపలికి వెళ్లండి. ఒకరి తర్వాత ఒకరు వరసగా స్నానాలు చేయకండి. ఎవరైనా లోపల పడిపోతే తలుపు పగలగొట్టి, ఆరుబయటికి లాక్కొచ్చి, గ్యాస్ కట్టేసి 108కి ఫోన్ చేయండి.

ఎన్నో అంతస్తులో తీసుకుంటే మంచిది?

మెయిన్ రోడ్డు పక్కనయితే నాలుగు అంతస్తులు పైకి వెళ్లినా దుమ్ము వదలదు కానీ కొంత తగ్గుతుంది. నన్నడిగితే అంతస్తు కంటే రోడ్డుకి రెండు సందులు లోపలికి ఉండటం ముఖ్యం.

## చేరిన కొత్తలో

కొత్త వార్డ్‌రోబ్‌లు, మాడ్యులర్ కిచెన్ చేయించాం. కళ్లు మండుతున్నాయి. ఎన్నాళ్లుంటుంది?

ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల్లో చెక్కని అతికించే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. కళ్లూ గొంతూ మండేది దానివల్లే. మొదటి కొన్ని వారాలు బాగా ఎక్కువగా ఉండి, నెలల తరబడి సన్నగా వస్తూనే ఉంటుంది. వేడికీ తేమకీ ఇంకా పెరుగుతుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని వడ్రంగి పని నిన్న ముగించి ఈ రోజు చేరిపోవడం మనవాళ్లలో మామూలే. వీలైతే పాలు పొంగించి పూజ చేసుకుని, ఇంకో మూడు నాలుగు వారాలు ఆగి చేరండి. ఆ రోజుల్లో అల్మరా తలుపులు, డ్రాయర్లు అన్నీ తెరిచి, కిటికీలు తీసి, ఫ్యాన్లు వేసి ఉంచాలి.

ఇంకా చేయించకపోతే ఈ వాయువు తక్కువగా వదిలే ఈ0 లేదా ఈ1 గ్రేడు బోర్డు అడగండి. కోసిన అంచులన్నింటికీ ఎడ్జ్ బ్యాండింగ్ (అంచుని మూసే పట్టీ) వేయించండి, ఆ పచ్చి అంచుల్లోంచే ఎక్కువ వస్తుంది. పసిపిల్లల గదికి కొత్త ఫర్నిచర్ కంటే పాత టేకు బీరువా మేలు.

గ్యాస్ వాసన వస్తే ముందు ఏం చేయాలి?

ఫ్యాన్ స్విచ్ గానీ, లైట్ స్విచ్ గానీ వేయకండి, ఆపకండి. చిన్న నిప్పురవ్వ చాలు. వంటగ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, ముఖ్యంగా బాల్కనీ తలుపు బార్లా తీసి, అందరూ బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు.

## వంట, పూజ, దోమలు

తాలింపు పెడితే ఇల్లంతా ఘాటు. చిమ్నీ ఉన్నా తగ్గదేం?

చిమ్నీ వెనక గొట్టం బయటికి ఉందా లేదా ముందు చూడండి. అద్దె ఇళ్లలో గోడకి కన్నం పెట్టనివ్వరని డక్ట్ లేని చిమ్నీలు బిగిస్తారు. అవి నూనె జిడ్డుని కొంత పట్టుకుని, మిగతా గాలిని మన ముఖం మీదికే వదులుతాయి. అలాంటి దానికంటే కిటికీలో పెట్టిన మామూలు ఎగ్జాస్ట్ ఫ్యానే నయం.

గొట్టం ఉన్నా చాలామంది పొగ లేచాక స్విచ్ వేస్తారు. స్టవ్ వెలిగించే ముందే వేసి, వంట అయ్యాక పది పదిహేను నిమిషాలు ఉంచండి. ఇంకో గదిలో కిటికీ కొంచెం తెరవాలి. లోపలికి గాలి రాకపోతే ఎగ్జాస్ట్ మాత్రం దేన్ని లాగుతుంది? హాల్లో ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే పొగ చిమ్నీ వైపు వెళ్లకుండా ఇల్లంతా తిరుగుతుంది, ఆ కాసేపు దాన్ని తగ్గించండి. ఎండుమిర్చి వేసేటప్పుడు నూనె పొగలు కక్కేదాకా ఆగక్కర్లేదు. ఆవాలు చిటపటలాడితే చాలు.

గ్యాస్ మానేసి ఇండక్షన్‌కి మారితే తేడా ఉంటుందా?

ఉంటుంది. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకి అది పడదు. ఇండక్షన్‌లో మంటే లేదు. కానీ వేపుళ్ల పొగ స్టవ్ ఏదైనా వస్తుంది, కాబట్టి ఎగ్జాస్ట్ తప్పదు. మేం పాలు, టీ, అన్నం, పప్పు ఇండక్షన్ మీదికి మార్చి, గ్యాస్‌ని మిగతావాటికి ఉంచుకున్నాం.

రోజూ పూజలో అగరుబత్తి, సాంబ్రాణి వేస్తాం. మానేయమంటారా?

పూజ మానమని నేనెవరికీ చెప్పను. మా ఇంట్లోనూ రోజూ దీపం వెలుగుతుంది. కానీ పొగ ఏదైనా పొగే. దేవుడి దగ్గర వెలిగించాం కాబట్టి ఊపిరితిత్తులు దాన్ని వేరుగా చూడవు. మా పూజగది ముందు మీటరు పెట్టి చూస్తే రెండు అగరుబత్తులకే పీఎం 2.5 అంకె 22 నుంచి 380 దాకా పోయింది. తలుపులు మూసి ఉన్నందువల్ల మళ్లీ మామూలు స్థాయికి రావడానికి రెండు గంటల పైనే పట్టింది. ధూప్ స్టిక్, కప్పు సాంబ్రాణి ఇంకా ఎక్కువ.

అప్పటి నుంచి మేం చేసిన మార్పు చిన్నదే. నువ్వుల నూనె దీపానికి ఒత్తి పొట్టిగా పెడతాం. పువ్వులు ఎక్కువ పెడతాం. అగరుబత్తి బాల్కనీలో తులసి కోట దగ్గర వెలిగిస్తాం. హారతి కర్పూరం ఒక చిన్న బిళ్ల, అదీ కిటికీ తెరిచి. శుక్రవారం సాంబ్రాణి వేస్తే ఆ గంటసేపు పాపని కిందికి ఆడుకోవడానికి పంపుతాం. మా అత్తగారు మొదట నొచ్చుకున్నారు. మీటరులో అంకె ఎక్కడం ఆవిడకే చూపించాక, బాల్కనీలో పెట్టే ఆలోచన చెప్పింది ఆవిడే.

పసిబిడ్డకి తలంటు పోశాక సాంబ్రాణి పొగ పట్టకపోతే జలుబు చేస్తుందంటారు కదా?

జలుబు చేసేది వైరస్ వల్ల, తడి జుట్టు వల్ల కాదు. నెలల బిడ్డ ఊపిరి గొట్టాలు సన్నం, ఊపిరి వేగం ఎక్కువ. అదే పొగ మనకంటే ఎక్కువగా లోపలికి పోతుంది. మెత్తటి పాత నూలు చీరతో తల బాగా తుడిచి, గాలి తగలకుండా చుట్టి, ఒళ్లో పడుకోబెట్టుకోండి. బాలింత గదిలోనూ నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూయకండి, బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. పెద్దవాళ్లతో వాదన ఎందుకనుకుంటే, పిల్లల డాక్టర్ దగ్గరికి అమ్మమ్మనో నానమ్మనో వెంటబెట్టుకుని వెళ్లి ఆయన చేతే చెప్పించండి. నేను చేసింది అదే.

దోమలకి కాయిల్ మంచిదా, లిక్విడా?

కాయిల్ గదిలో వెలిగించకండి. 2003లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, దాని రకాన్నిబట్టి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత. లిక్విడ్‌లో పొగ ఉండదు కానీ అది కూడా గాలిలో కలిపే పురుగుమందే. తలుపులు మూసి రాత్రంతా వదిలేయకుండా, పడుకునే ముందు ఒక గంట చాలు. కిటికీలకి నెట్ బిగించుకోవడం అన్నింటికంటే మేలు, దానివల్ల సాయంత్రం కూడా కిటికీ తెరవగలుగుతాం. నెలకోసారి కడగకపోతే ఆ నెట్టే దుమ్ముతో గాలికి అడ్డుపడుతుంది. పసిపిల్లలకి దోమతెర మించింది లేదు. డెంగీ దోమ పగలు కుడుతుందని మర్చిపోకండి, మధ్యాహ్నం నిద్రకి కూడా తెర కట్టాలి.

బీరువాలో కలరా ఉండలు వేస్తాం. వాటివల్ల కూడా ఇబ్బందా?

ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరై గాలిలో కలుస్తుంది, ఆ వాసనంతా అదే. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లల్లో నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు చితికిపోయి తీవ్రమైన రక్తహీనత, కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉందని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. పసిబిడ్డ బట్టల్లో, దుప్పట్లలో అసలు వేయకండి. ఎండిన వేపాకు వేసి, నెలకోసారి బట్టలు ఎండలో పెట్టండి.

బాత్రూం కడిగేటప్పుడు దగ్గు ఆగట్లేదు. ఎందుకు?

యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనరు, బ్లీచింగ్ రెండూ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. బాగా తెల్లబడుతుందని చాలామంది కలుపుతారు. ఒక్కటే వాడండి, ఎగ్జాస్ట్ వేసి, తలుపు తెరిచి. పనిచేసే అమ్మాయికి కూడా ఇది తప్పకుండా చెప్పండి, లోపల కూర్చుని ఆ గాలి పీల్చేది ఆమే.

## కిటికీలు, దుమ్ము, చెమ్మ

కిటికీలు తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఏ టైమ్‌లో తెరవాలి?

చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు, రాత్రి పొగంతా నేల దగ్గరే ఉంటుంది. స్వచ్ఛమైన ప్రాతఃకాలపు గాలి అనుకుని ఆరింటికి తెరిచేది నిజానికి ఆ పొగకే. ఎండెక్కాక గాలి పైకి లేచి పలచబడుతుంది. మా ఇంట్లో కొలిచినంతలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య బయటి అంకె తక్కువ. ఆఫీసు ట్రాఫిక్ వేళల్లో రోడ్డు వైపు కిటికీ మూసి, వెనకవైపుది తెరుస్తాం. పక్క ఖాళీ సైట్లో ఎవరైనా చెత్త తగలబెడుతుంటే అది ఆరేదాకా అన్నీ మూసేయండి. వాన వెలిశాక మాత్రం ఆలోచించకుండా అన్నీ బార్లా తీయండి, ఊళ్లో దొరికే మంచి గాలి అప్పుడే.

పొద్దున లేవగానే తల బరువుగా ఉంటోంది. పీజీ హాస్టల్ గదిలో ముగ్గురం, ఒకటే కిటికీ. గాలి వల్లేనా?

అయి ఉండవచ్చు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420) పైచిలుకు ఉంటుంది. గది మూసి ముగ్గురు పడుకుంటే మన ఊపిరితోనే అది పెరుగుతూ పోతుంది. 1,000 దాటిందంటే గదిలోకి కొత్త గాలి చాలట్లేదని గుర్తు. మా బెడ్రూంలో తెల్లవారేసరికి 2,400 చూపించింది. తలుపు నాలుగు వేళ్ల సందు తెరిచి, హాలు కిటికీ కొంచెం తీసిపెట్టాక 1,100 దగ్గర ఆగింది. పీజీలో కిటికీ డక్ట్‌లోకి ఉన్నా సరే కొంచెం తెరవండి, కారిడార్ తలుపు సందు ఇవ్వండి. తడి బట్టలు గదిలో ఆరేయకండి. అయినా తలనొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

రెండు పూటలా ఊడ్చినా టేబుల్ మీద దుమ్మే. ఏం చేయాలి?

పొడి చీపురు సన్నటి దుమ్ముని లేపి, మళ్లీ అదే చోట దించుతుంది. ముందు తడిగుడ్డతో ఫర్నిచర్, తర్వాత తడి మాప్‌తో నేల తుడవండి. ఫ్యాన్ రెక్కలు పాత దిండు గలీబు తొడిగి తుడిస్తే దుమ్ము అందులోనే పడుతుంది. దుమ్ము పురుగులు ఉండేది ఎక్కువగా పరుపుల్లో, దిండ్లలో. వారానికోసారి దుప్పట్లు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. కార్పెట్ ఉంటే తీసేయడమే మంచిది.

వానాకాలంలో గోడ మీద నల్లటి బూజు. రంగు వేయిస్తే పోతుందా?

పోదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆపకపోతే రంగు మీదికే మళ్లీ వస్తుంది. పై ఇంటి బాత్రూం లీకా, బయటి గోడ పగులా, డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయా చూపించండి. ఇక్కడ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలు గట్టిగా పడతాయి కాబట్టి ఈ పని మే నెలలోనే చేయించుకోవాలి.

ఇంట్లో తేమ 60 శాతం లోపు ఉండేలా చూడండి, కొలిచే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బీరువాని గోడకి నాలుగు వేళ్లు ఎడంగా జరపండి. మచ్చ చిన్నదైతే ఎన్95 మాస్క్ పెట్టుకుని, సబ్బు నీళ్లతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టండి. పొడిగా గీకితే ఆ బీజాలన్నీ గాలిలోకి లేస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదు, ఆ గదిలో పడుకోకూడదు.

బాల్కనీ నిండా పావురాలు. తరిమేయాలంటే మనసొప్పట్లేదు.

మీ జాలి అర్థమవుతుంది. కానీ ఎండిన రెట్ట పొడి, ఈకల పొడి ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాచి, మచ్చలు పడి గట్టిపడతాయి. అది వెనక్కి రాదు. గింజలు వేయకండి, నెట్ కట్టించండి. గూట్లో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. రెట్టని నీళ్లతో బాగా తడిపి, మాస్క్ పెట్టుకుని తీయండి.

## కొనాలనుకుంటే

యాప్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 70 అని ఉంది. మా ఇంట్లో కూడా అంతేనా?

కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో కనిపించేది పీణ్య, సిల్క్ బోర్డ్, హెబ్బాళ లాంటి చోట్ల ఉన్న స్టేషన్ల బయటి గాలి. 51 నుంచి 100 దాకా సంతృప్తికరం అనే కోవలోకి వస్తుంది. మీ వంటింటి సంగతి దానికి తెలియదు. ఇంటి మీటరు కొంటే పీఎం 2.5, కార్బన్ డయాక్సైడ్ రెండూ చూపేది కొనండి. కార్బన్ డయాక్సైడ్‌ని నేరుగా కొలిచే ఎన్‌డీఐఆర్ లాంటి సెన్సర్ ఉందో లేదో అడగండి, లేకపోతే అది చూపే అంకె ఊహే. తేమ బాగా ఉన్న రోజు పీఎం అంకె కొంచెం ఎక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి.

ఎయిర్ ప్యూరిఫయర్ ఎంత సైజుది కొనాలి?

పెట్టె మీద సీఏడీఆర్ అనే అంకె చూడండి, గంటకి ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలి శుభ్రం చేస్తుందో చెప్పేది అదే. పది బై పన్నెండు గది, పది అడుగుల ఎత్తు అనుకుంటే 34 క్యూబిక్ మీటర్ల గాలి. గంటకి ఐదుసార్లు తిప్పాలంటే 170 కావాలి. రాత్రి చప్పుడుకి తక్కువ స్పీడులో పెడతాం కాబట్టి 250 పైన ఉన్నది తీసుకోండి. ఫిల్టరు నిజమైన హెపా (సన్నటి ధూళిని కూడా పట్టే రకం) అయి ఉండాలి. అయోనైజర్, ఓజోన్ అని ఉంటే ఆ బటన్ ఆపేయండి, ఓజోన్ ఊపిరితిత్తులకి హాని. కొనేముందు ఏడాదికి ఫిల్టర్ల ఖర్చు ఎంతో లెక్కేసుకోండి. ఇంకో మాట: ప్యూరిఫయర్ ధూళిని పడుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ని తీయదు. కాబట్టి కిటికీ పని కిటికీదే.

మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందని చదివాం.

ఆ మాట 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. అది మూసి ఉన్న చిన్న పెట్టెల్లో చేసినది. 2019లో పాత ప్రయోగాలన్నీ తిరిగి లెక్కవేసిన పరిశోధకులు, కిటికీ తెరిస్తే జరిగే పని మొక్కలతో జరగాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. మనీ ప్లాంటు కళ్లకి హాయి, ఉంచుకోండి. నీళ్లు ఎక్కువ పోస్తే మాత్రం ఆ మట్టిలో బూజు వస్తుంది.

ఏసీ వేస్తే గాలి శుభ్రమవుతుందా?

స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, ఉన్నదాన్నే చల్లబరుస్తుంది. లోపలి జాలీని రెండు వారాలకోసారి కడగండి.

## ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే

బాబుకి ఇక్కడ రాత్రుళ్లు దగ్గు, ఊరెళితే తగ్గిపోతుంది. ఊరు మారాలా?

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. దగ్గు ఏ రోజు, ఏ గదిలో, ఆ రోజు ఇంట్లో ఏం వెలిగించారు, ఏం తుడిచారు, పక్కన ఏం కడుతున్నారు అన్నీ రాయండి. నెల తిరిగేసరికి ఏదో ఒకటి కనిపిస్తుంది. మా పాప విషయంలో అది మంచం తలవైపు గోడ వెనక ఉన్న చెమ్మ. కొందరికి ఖాళీ సైట్లలో పెరిగే వయ్యారిభామ పుప్పొడి పడదు. పూత మీద ఉన్నప్పుడు అటువైపు కిటికీ మూయాలి, చేతికి తొడుగు లేకుండా దాన్ని పీకకూడదు.

ఆ నోట్‌బుక్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయన ఇన్‌హేలర్ రాస్తే భయపడకండి. అలవాటైపోతుందని మేం ఏడాదిపాటు వద్దనుకున్నాం, ఆ ఏడాదిలో మూడుసార్లు అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తాం. ఇన్‌హేలర్‌లో మందు సిరప్‌లో కంటే చాలా తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకి చేరుతుంది. చిన్నపిల్లలకి స్పేసరు (ఇన్‌హేలర్‌కి అమర్చే గొట్టం), మాస్క్ తగిలించి ఇవ్వాలి, ఎలా పట్టాలో నర్సు చేత ఒకసారి చేయించి చూపించమనండి. పక్కటెముకలు లోపలికి లాక్కుపోతున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే బయల్దేరండి.